మా వీధి 24 అడుగులని తేలడానికి పది నెలలు పట్టింది: నా అనుభవం

మా వీధిలో తారు ఎంత వెడల్పున వేయాలన్నది నవంబరు ఆఖరి వారంలో తేలింది. 24 అడుగులు. పురపాలక సంఘం నుంచి నోటీసు వచ్చింది ఫిబ్రవరి మొదట్లో. ఇలాంటి నోటీసు చేతికొచ్చినప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లాలో, ఏం అడగాలో చెప్పేవాళ్లు మాకు ఒక్కరూ దొరకలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నోటీసు ఒకే ఒక్క పేజీ. మురుగు పైపులు మార్చడానికి వీధి ఎలాగూ తవ్వుతున్నారు, తిరిగి రోడ్డు వేసేటప్పుడు వెడల్పు 30 అడుగులకు పెంచాలని ప్రతిపాదన, అభ్యంతరాలుంటే 30 రోజుల్లో రాతపూర్వకంగా ఇవ్వాలి. అంతే. ఆ 30 అడుగులు ఎక్కడి నుంచి ఎక్కడికో అందులో లేదు. ఆ సాయంత్రమే వీధంతా గోల. సగం మంది ప్రహరీ గోడలు కొట్టేస్తారని భయపడ్డారు. ఒకాయన గేటు దగ్గర నిలబడి గోడ పొడవు అడుగులతో కొలుస్తుంటే నాకూ గుండె దడ మొదలైంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

డ్రాయింగు కాపీ కావాలని మర్నాడే అర్జీ పెట్టాం. చేతికి రావడానికి మూడు వారాలు పట్టింది, అంటే అభ్యంతరాల గడువులో దాదాపు ముప్పాతిక వంతు దానికే పోయింది. అర్జీతో పాటే గడువు పొడిగించమని ఇంకో కాగితం ఇవ్వమని ఆఫీసులో ఒక గుమాస్తా మెల్లగా చెప్పాడు. ఆ మాట విని ఇచ్చాం కాబట్టి ఇంకో 15 రోజులు దొరికాయి. ఆయన ఆ మాట చెప్పకపోతే ఈ కథ మార్చిలోనే ముగిసిపోయేది.

డ్రాయింగు చూశాక సగం భయం పోయింది. ఇటు ప్రహరీకీ అటు ప్రహరీకీ మధ్య 40 అడుగులు ఉంది, అదంతా ఎప్పటి నుంచో వీధి స్థలమే. అందులో ఇప్పుడు తారు ఉన్నది 18 అడుగులు. దాన్ని 30 చేస్తామంటున్నారు. గోడలకు ఏమీ కాదు. కానీ మిగిలిన సగం భయం అప్పుడే మొదలైంది. తారుకు అటు 11, ఇటు 11 అడుగులు మట్టి అంచు ఉంది కదా, మా ర్యాంపులు, మెట్లు, పూల మొక్కలు, నీడ చెట్లు అన్నీ ఉన్నది ఆ అంచులోనే. 30 అడుగులు తారు వేస్తే ఒక్కో వైపు మిగిలేది 5 అడుగులు. మురుగు కాలువ పోగా అందులో మనిషి నడవడానికి కూడా చోటుండదు, ఇక చెట్టు ఊసే లేదు.

మీకు నోటీసు వస్తే ముందు ఈ రెండు కొలతలూ విడివిడిగా అడగండి: గోడ నుంచి గోడకు ఎంత, అందులో బండ్లు తిరిగే తారు ఎంత. మా వీధిలో మొదటి రెండు మీటింగుల్లో జరిగిన గొడవంతా ఒకరు 40 గురించి, ఇంకొకరు 18 గురించి మాట్లాడటం వల్లే. ఆ రెండు అంకెలూ ఒక అట్టముక్క మీద పెద్దగా రాసి గోడకు తగిలించాక గానీ మాటలు దారిలో పడలేదు.

మార్చి మధ్యలో సర్వే వాళ్లు వచ్చి మార్కింగ్ చేశారు. పొద్దున్న తలుపు తీసేసరికి మా ఇంటి ముందు చెట్టుకు ఛాతీ ఎత్తున ఎర్ర రంగు గీత, దాని కింద 7 అంకె. రంగు ఇంకా ఆరలేదు, బెరడు పగుళ్లలోంచి కిందికి కారుతోంది. వీధి చివరి దాకా నడిచి చూశాను, ఒక్కో చెట్టుకు ఒక్కో అంకె. కాగితం మీద 30 అని చదివినప్పుడు రాని కోపం ఆ అంకె చూశాక వచ్చింది. ఆ రోజు పనికి వెళ్లలేకపోయాను.

అయితే వెడల్పు కావాలన్నవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు, దుర్మార్గులూ కారు. మా ఎదురింటి మాస్టారు మొదటి నుంచీ 30 కావాలనే అన్నారు. నేను ఆయనతో వాదించబోతే, "అమ్మా, మా ఆవిడకు బాగాలేని రాత్రి అంబులెన్సు ఆ మూల మీదే ఆగిపోయింది. అక్కడి దాకా కుర్చీలో మోసుకెళ్లాం. ఆ రాత్రి నువ్వూ చూశావు. ఇరుకు వీధి గొప్పలు నాకు చెప్పకు," అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ మాట విన్నాక చెట్ల సంగతి ఎత్తాలంటేనే మనసు రాలేదు. కొన్ని రోజులు నిజంగానే 30 వేస్తేనే మంచిదేమో అనిపించింది.

ఏప్రిల్ అంతా మేం కొలుస్తూ గడిపాం. ఇందులో డబ్బు పెద్దగా పోలేదు, పోయిందల్లా నిద్ర, సెలవులు. రాత్రి పదింటికి, అందరూ ఇళ్లకు చేరాక, వీధిలో ఎన్ని కార్లు ఆగి ఉన్నాయో, ఏ వైపు ఉన్నాయో రాసుకున్నాం. పగలు లెక్క పెడితే ఉపయోగం లేదు, ఎందుకంటే అసలు ఇరుకు రాత్రే. తేలిందేమిటంటే, నాలుగైదు తప్ప మిగతా కార్లన్నీ ఒక్క వైపే పట్టేస్తాయి. రెండు వైపులా ఆపడం అలవాటు తప్ప అవసరం కాదు. పక్కింటాయన చెప్పినప్పుడు నేనే నమ్మలేదు, కాగితం చూశాక నమ్మాను.

వేగం కొలవడానికి పరికరం అక్కర్లేదు. రెండు స్తంభాల మధ్య 100 అడుగులు టేపుతో కొలిచి, బండి ఒకటి దాటి ఇంకోటి చేరేదాకా ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కాం. 3.7 సెకన్ల కన్నా తక్కువ పడితే గంటకు 30 కిలోమీటర్లు దాటినట్టు. 2.2 సెకన్లయితే 50కి చేరినట్టు. మా 18 అడుగుల్లో, రెండు వైపులా కార్లున్న చోట, ఎవరూ 30 దాటలేదు. కార్లు లేని చివరి భాగంలో అదే డ్రైవర్లు, అదే రోజు, చాలామంది 40 దాటారు. కళ్ల ముందు ఖాళీ కనిపిస్తే కాలు దానంతటదే నొక్కేస్తుంది. 30లో తగిలే దెబ్బకన్నా 50లో తగిలే దెబ్బ శక్తి దాదాపు 2.8 రెట్లు. ఈ లెక్క స్కూల్లో చదువుకున్నదే. మన పిల్లలు దాటే వీధికి వేసుకుంటే మాత్రం వేరుగా ఉంటుంది.

దాటడం అంటే గుర్తొచ్చింది. నెమ్మదిగా నడిచే పెద్దవాళ్లు సెకనుకు 3 అడుగుల దూరం నడుస్తారనుకుంటే 18 అడుగులు దాటడానికి 6 సెకన్లు, 30 అడుగులకు 10 సెకన్లు. ఆ అదనపు 4 సెకన్లలో గంటకు 40తో వచ్చే కారు 145 అడుగులు ముందుకొస్తుంది. మా మాస్టారు మీటింగులో బాగా చదివింది ఈ ఒక్క పేజీనే.

వాన లెక్క కూడా వేశాం. మా వీధి పొడవు 800 అడుగులు. మేం అడుగుతున్న 24కీ వాళ్లంటున్న 30కీ తేడా 6 అడుగులు, అంటే 4,800 చదరపు అడుగుల అదనపు తారు. దాని మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే దాదాపు నాలుగున్నర వేల లీటర్ల నీళ్లు మట్టిలోకి ఇంకకుండా పల్లంలో ఉన్న ఇళ్ల వైపు వస్తాయి. పల్లంలో ఉన్న రెండు ఇళ్లవాళ్లు అప్పటిదాకా 30 వైపే ఉన్నారు, ఆ రోజు నుంచి మా పక్కకు వచ్చారు. చెట్ల మీద మమకారం కన్నా ఇంట్లోకి నీళ్లు వస్తాయన్న భయం ఎక్కువ పని చేసింది. నాకు అందులో తప్పేమీ కనిపించలేదు.

అభ్యంతరాల మీద విచారణ మేలో అన్నారు. ముందు రోజు సాయంత్రం వాయిదా అన్నారు. కారణం చెప్పలేదు. సెలవులు పెట్టుకున్నవాళ్లందరికీ అవి వృథా. జూన్ చివర్లో జరిగింది. హాలు చిన్నది, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. నేను రాసుకెళ్లినదాంట్లో సగం కూడా చదవలేకపోయాను. నోరు ఎండిపోయింది, చేతులు వణికాయి. వెళ్లేవాళ్లకు ఒక మాట: అందరూ అన్నీ చెప్పబోకండి. ఒకరు కార్ల లెక్క, ఒకరు వేగం, ఒకరు వాన, అలా పంచుకుని వెళ్లండి. మా నాలుగో మనిషి వచ్చేసరికి ఇంజనీరు పెన్ను తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు.

వేరే చోట్ల ఏం చేశారో కూడా చెప్పాం. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని లాంగ్‌మాంట్‌లో 1997లో సుమారు 20,000 ప్రమాదాల పోలీసు రికార్డులు తిరగేసి చూస్తే, నివాస వీధుల్లో వెడల్పు పెరిగేకొద్దీ గాయాలయ్యే ప్రమాదాలు పెరిగాయి, 24 అడుగుల దగ్గర అన్నిటికన్నా తక్కువ ఉన్నాయి. అమెరికాలోనే పోర్ట్‌లాండ్ నగరం 1991లోనే ఒక వైపు పార్కింగ్ ఉన్న నివాస వీధికి 20 అడుగులు, రెండు వైపులా ఉంటే 26 చాలని నిర్ణయించుకుంది. బ్రిటన్‌లో 2007లో తెచ్చిన వీధుల మార్గదర్శకాల్లో రెండు కార్లు ఎదురెదురుగా దాటడానికి 4.1 మీటర్లు, కారూ లారీ దాటడానికి 4.8 మీటర్లు అని బొమ్మలు గీసి చూపించారు. అంటే దాదాపు 13న్నర, 16 అడుగులు. ఇంజనీరు విని, "అవన్నీ వాళ్ల వీధులు, మీ వీధికి మీ ఫైరింజనే రావాలి," అన్నాడు. ఆ మాటకు మొదట ఒళ్లు మండింది. తర్వాత ఆలోచిస్తే న్యాయమే అనిపించింది. అసలు చిక్కు అక్కడే ఉంది.

అగ్నిమాపక అధికారి ఒకే మాట మీద ఉన్నారు: ఏ అడ్డూ లేని 20 అడుగులు కావాలి. దానికి ఒక వైపు పార్కింగ్‌కు 7 అడుగులు కలిపితే 27, రెండు వైపులా కలిపితే 34. ఆయన లెక్కలో 30 కూడా తక్కువే. అది విన్నప్పుడు ఇక అయిపోయింది అనుకున్నాను. మా బృందంలో ఒకామె, ఆమె మామూలుగా ఎక్కువ మాట్లాడదు, లేచి నిలబడి, "సార్, ఒకసారి బండి తెచ్చి చూపించగలరా? మేం 24 అడుగులకు గీతలు గీసి కార్లు నిలబెడతాం," అంది. ఆయన ఒప్పుకుంటారని ఎవరూ అనుకోలేదు. ఒప్పుకున్నారు.

జూలైలో ఒక ఆదివారం పొద్దున జరిగిందా పరీక్ష. ముందు రోజే మట్టి అంచును అటు 3, ఇటు 3 అడుగులు చదును చేశాం, 24 అడుగులకు సున్నంతో గీతలు గీశాం. మా కార్లే ఒక వైపు వరసగా నిలబెట్టాం. ఫైరింజన్ వెడల్పు 8 అడుగులు చిల్లర. కార్ల పక్కన మిగిలిన 17 అడుగుల్లో అది నడిచి వెళ్తున్నట్టే తేలిగ్గా వెళ్లింది. మధ్యలో ఆపి తలుపులు తెరిచారు, గొట్టం దించారు. నిచ్చెన వైపు పని చేయడానికి మాత్రం ఇరుకుగా ఉందని అధికారి చెప్పారు. అది నిజమే, మా కళ్లకే కనిపించింది.

అందరం చప్పట్లు కొడుతుండగా బండి వీధి చివర మూలకు వచ్చి ఆగిపోయింది. అక్కడ మలుపుకు ఆనుకుని ఒక కారు ఉంది. ముందు చక్రాలు బాగానే తిరిగాయి, వెనక చక్రం మాత్రం లోపలి వైపుగా కోసుకుంటూ ఆ కారు బంపరుకు జానెడు దూరంలోకి వచ్చింది. డ్రైవరు దిగి చూసి, వెనక్కి తీసి, మళ్లీ తిప్పాడు. పట్టలేదు. ఆ కారు తీయించాక ఒక్క తిప్పులో వెళ్లిపోయింది.

మాస్టారు ఆ మూల దగ్గరే నిలబడి ఉన్నారు. డ్రైవరును అడిగారు, "తారు 30 ఉంటే ఈ కారున్నా తిరిగేదా?" అని. "కారు మూలలో ఉంటే 30 అయినా కష్టమేనండీ, రెండు వైపులా పెట్టేస్తారు కదా," అన్నాడు. ఆయన ఇంకేమీ అనలేదు. చాలాసేపు ఆ చక్రం గుర్తుల వైపే చూస్తూ ఉండిపోయారు. సాయంత్రం మా గేటు దగ్గరికి వచ్చి, మూల దగ్గర కార్లు ఆగకుండా చేసే ఏర్పాటు రాతలో ఉంటే తాను 24కు సంతకం పెడతానన్నారు. ఈ పది నెలల్లో నేను ఏడ్చింది ఆ ఒక్కసారే.

అక్కడి నుంచి మాటలు 24కా 30కా అన్న దగ్గర ఆగలేదు, కార్లు ఎక్కడ ఆగాలి అన్న దాని మీదికి మళ్లాయి. బండి దాటి వెళ్లడానికి 12 అడుగులు చాలు, నిలబడి పనిచేయడానికే 20 కావాలి, అది వీధి పొడవునా అక్కర్లేదు, కొన్ని చోట్ల ఉంటే చాలని అధికారి తానే చెప్పారు. ఆ చోట్లు ఏవో ఆయనతోనే గీయించాం. చాలావరకు రెండు గేట్లు పక్కపక్కన ఉన్న చోట్లే ఎంచుకున్నాం, అక్కడ ఎలాగూ కార్లు ఆపరు. మూలల దగ్గర 20 అడుగుల దాకా పార్కింగ్ లేకుండా ఫుట్‌పాత్ అంచునే కొంచెం ముందుకు జరిపారు. బోర్డు పెడితే సరిపోదా అని ఇంజనీరు అడిగాడు. సరిపోదని పట్టుబట్టాం. బోర్డును ఎవరూ చూడరు, రాతి అంచు ఎక్కించి కారు ఆపడం మాత్రం అంత తేలిక కాదు.

ఆగస్టు, సెప్టెంబరు రెండు నెలలూ ఏ కబురూ లేదు. ఈ నిశ్శబ్దమే అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్. ఫోన్ చేస్తే "ప్రాసెస్‌లో ఉంది" అనేవాళ్లు. మధ్యలో పైపుల తవ్వకం మొదలైంది, ఇంటి ముందు గుంత, దాటడానికి చెక్క పలక. తారు కూడా 30కే వేసేస్తారేమోనని, లారీ చప్పుడు వినిపిస్తే చాలు బయటికి పరుగెత్తేదాన్ని. అక్టోబరు మొదటి వారంలో సవరించిన డ్రాయింగు వచ్చింది: 24 అడుగుల తారు, ఒక వైపే పార్కింగ్, రెండు వైపులా 8 అడుగులు. అందులో 5 నడవడానికి, 3 చెట్లకూ కాలువకూ.

ఇక్కడ ఎవరూ అనుకోని గొడవ వచ్చింది. 5 అడుగుల ఫుట్‌పాత్ వరసగా రావాలంటే ర్యాంపులూ మెట్లూ వెనక్కి జరగాలి. చెట్ల కోసం మాతో పాటు తిరిగినవాళ్లే ర్యాంపు దగ్గరికి వచ్చేసరికి ఎదురు తిరిగారు. మా ఇంటి మెట్లలోనూ రెండు పోయాయి, ర్యాంపు గేటు లోపలికి జరిపించుకోవాల్సి వచ్చింది, ఆ ఖర్చు మాదే. పురపాలక సంఘం కొట్టివేయడం వరకే చేస్తుంది, మళ్లీ కట్టడం మన బాధ్యత. ఈ సంగతి ఏ కాగితంలోనూ లేదు, ముందే తెలిస్తే అందరూ కలిసి ఒకే మేస్త్రీతో మాట్లాడుకునేవాళ్లు. 30 నుంచి 24కు తగ్గితే తారు ఐదో వంతు తగ్గుతుంది కాబట్టి ఆ మిగులుతో ర్యాంపులు కట్టించమని అడిగాం. అది ఫుట్‌పాత్‌కే సరిపోయిందన్నారు.

చెట్లన్నీ మిగల్లేదు. మా ఇంటి ముందు 7వ నంబరు మిగిలింది. మలుపు దగ్గరి రెండు పోయాయి, అవి మూల చూపును నిజంగానే అడ్డుకుంటున్నాయి. నాకు బాధే, కానీ ఆ రెండింటి గురించి నేను అభ్యంతరం రాయలేదు.

నవంబరులో ఉత్తర్వు చేతికొచ్చినప్పుడు చూసుకోవాల్సింది ఒకటుంది. మా ఉత్తర్వులో 24 ఉంది, పార్కింగ్ ఒక వైపు అని ఉంది, మూలల 20 అడుగుల సంగతి మాత్రం డ్రాయింగులోనే ఉంది, రాతలో లేదు. కాంట్రాక్టరు చేతిలో ఉండేది రాత. మాస్టారే పట్టుకున్నారు దాన్ని. మర్నాడే వెళ్లి ఆ వాక్యం చేర్పించి, సంతకం చేసిన డ్రాయింగు ప్రతి ఒకటి తీసుకున్నాం. తారు వేసిన రోజు టేపు పట్టుకుని ఇద్దరు ఒక చివర, ఇద్దరు ఇంకో చివర ఉన్నాం. ఒక చోట 25 దాకా వెళ్లిపోతే డ్రైవరుకు డ్రాయింగు చూపించి సరిచేయించాం. వేడి తారు గట్టిపడ్డాక అయితే ఎవరూ వినరు.

ఇప్పుడు పార్కింగ్ గీతలు ఇంకా వేయలేదు, అడుగుతున్నాం. రాత్రిళ్లు ఇద్దరు ముగ్గురు ఇంకా రెండో వైపు ఆపుతున్నారు. మా వెనక వీధికి పోయిన వారం నోటీసు వచ్చింది, అదే ఒక్క పేజీ, అదే 30. వాళ్లకు డ్రాయింగు అర్జీ, గడువు పొడిగింపు అర్జీ రెండూ ఒకే రోజు పెట్టించాం. రాత్రి పదింటి కార్ల లెక్క శనివారం నుంచి మొదలు.